కొండపల్లి కొండకి పన్నెండు నెలలు



మార్చి నెల వెళ్ళి ఏప్రిల్ వచ్చేసరికి మన ఇళ్ళల్లో ఒక మాట మొదలవుతుంది. "ఏమండీ, ఈసారైనా పిల్లల్ని తీసుకుని ఏదైనా కొండ మీదికి వెళదామండీ" అని. వారు "అలాగే చూద్దాం" అంటారు. ఊటీకి రైల్లో బెర్తులు దొరకవు. కొడైకెనాల్‌లో గదుల అద్దెలు వింటేనే చలేస్తుంది, ఇంక అక్కడికి వెళ్ళక్కర్లేదు. అరకు దూరం. చివరికి కూలర్‌కి కొత్త గడ్డి వేయించి, పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపి ఆ ఏటి వేసవి అయిందనిపిస్తాం.

ఇవాళ నేను చెప్పబోయే కొండకి రిజర్వేషన్ అక్కర్లేదు. బెజవాడలో బస్సెక్కితే గంటలోపు దాని కాళ్ళ దగ్గర దిగొచ్చు. అదే కొండపల్లి కొండ. "ఓస్, కొండపల్లేనా, బొమ్మలు కదా అక్కడ" అనకండి. ఆ బొమ్మల వెనక ఒక కొండ వుంది, ఆ కొండ వెనక అడవి వుంది, వాటికి ఆరేడు వందల ఏళ్ళ కథ వుంది. నేను చదివింది పదో తరగతే గానీ, ఈ కొండ సంగతి మాత్రం చిన్నప్పట్నించీ చదువుతున్నాను.

నా పుట్టిల్లు జి.కొండూరు. కొండపల్లి దాటి మైలవరం వైపు వెళ్ళే దారిలో వుంటుంది. మాది మెట్ట. డెల్టాలో ఆడపడుచుల్ని ఇచ్చినవాళ్ళు "మీ వూళ్ళో కాలువలు లేవుగా" అని మమ్మల్ని కాస్త చిన్నచూపు చూసేవాళ్ళు. కాలువలు లేకపోతేనేం, మాకు కొండ వుంది. మా మామిడితోటలో మంచె ఎక్కి చూస్తే దక్షిణాన నీలంగా పడుకున్న ఏనుగులా కనిపించేది. మా నాయనమ్మ కొండ మీద మబ్బు కూర్చుంటే వడియాలు తీసేసేది, లేస్తే మళ్ళీ ఎండబెట్టేది. వాతావరణ సూచనలు మాకు రేడియో కంటే ముందే అందేవన్నమాట.

ఎత్తు మాటకొస్తే, ఊటీ ముందు ఇది గుట్ట. ఒక విచిత్రం చెబుతాను వినండి. ఇంగ్లీషువాళ్ళు ఊటీ మొహం చూడకముందే మా కొండ ఎక్కారు. కోయంబత్తూరు కలెక్టరు సలివాన్ దొర నీలగిరి ఎక్కింది 1819లో. మా కోటని జనరల్ కైలాడ్ నిజాం వాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నది 1766లో. అంటే యాభై ఏళ్ళ పైమాటే. ఆ ఏడు నవంబరులో నిజాముతో ఒడంబడిక కూడా కుదిరింది. తరవాత కొండ మీద సిపాయిల్ని పెట్టారు, బారకాసులు కట్టారు. ఎనిమిది పెద్ద గదుల కట్టడం అది. మరి ఊటీలాగా ఇక్కడ దొరసానుల బంగళాలూ, గులాబీతోటలూ ఎందుకు లేవలేదంటారా? మా కొండ చల్లబడదండీ! రాతికొండ. పగలు తాగిన ఎండ రాత్రికి కక్కుతుంది. పైగా కోటలో రాజమహలు దగ్గర ఒక లోతైన కోనేరు వుంది, వూట నీరు, మంచులా వుంటుంది. ఆ నీళ్ళు తాగితే జ్వరం వస్తుందని పాతకాలపు రాతల్లోనే వుంది. బారకాసులకి దగ్గర్లోనే ఇంగ్లీషువాళ్ళ గోరీలున్నాయి. ఎండా, జ్వరమూ వాళ్ళని ఎంతగా వేధించాయో ఆ గోరీలే చెబుతాయి. చివరికి సిపాయిల్ని దించేసి వెళ్ళిపోయారు. 1870 నుంచి చెన్నపట్నం ప్రభుత్వం వేసవి వచ్చిందంటే కాగితాలూ కట్టలతో సహా ఊటీకి తరలిపోయేది. మన జిల్లా అర్జీలు కూడా ఆ ఎండల్లో నీలగిరి ఎక్కి వుంటాయి పాపం, అర్జీ పెట్టుకున్న రైతు మాత్రం ఇక్కడే మాడుతూ వుండేవాడు.

అంచేత మా కొండ విడిది కాలేదు. కానీ పన్నెండు నెలలూ దాని దగ్గర చూడాల్సింది ఏదో ఒకటి వుంటూనే వుంటుంది. ఉగాది నుంచి మొదలుపెడతాను.

ఉగాదికి ముందే మోదుగలు పూస్తాయి. ఆకు ఒక్కటి లేని చెట్టు నిండా నిప్పుకణికల్లాంటి పువ్వులు. అడవంతా ఎండుగడ్డి రంగు, మధ్యమధ్య ఈ మంటలు. చైత్రం వెళ్ళేసరికి తునికిపళ్ళు, పాలపళ్ళు వస్తాయి. కలేకాయలు పచ్చడికి. కొండ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో మామిడితోటలు కాపు మీద వుంటాయి. ఆవకాయకి కాయ కావాలంటే మైలవరం, నూజివీడు వైపు నుంచి వచ్చే బళ్ళ కోసం మనం ఎదురు చూడ్డం తెలిసిందే కదా.

ఆ ఏప్రిల్ ఎండల్లోనే ఈ కొండ దగ్గర ఒక ఘోరం జరిగింది. 1481లో. మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది గానీ, నాకు మాత్రం కొండపల్లి అంటే ముందు అదే గుర్తుకొస్తుంది.

అప్పట్లో ఈ కొండ ఒకరి చేతిలో నిలిచేది కాదు. పధ్నాలుగో శతాబ్దంలో కోట లేచింది, ముసునూరి నాయకులని కొందరూ, కొండవీటి రెడ్లని కొందరూ అంటారు. తరవాత ఒరిస్సా గజపతులూ, బీదరు బహమనీ సుల్తానులూ దీని కోసం తెగ కొట్టుకున్నారు. కోటలో దండు తిరగబడితే అణచడానికి సుల్తాను మూడో మహమ్మద్ షా తనే కదిలి వచ్చాడు. ఆయన ప్రధానమంత్రి మహమూద్ గవాన్. ఈయన మన దేశంవాడు కాదు. పర్షియాలో గీలాన్ అనే చోట పుట్టి, వ్యాపారం మీద ఓడెక్కి వచ్చి, బీదరులో కొలువు సంపాదించి, ముగ్గురు సుల్తానుల కింద పనిచేశాడు. గోవా గెలిచిపెట్టాడు. బీదరులో పెద్ద మదరసా కట్టించాడు, ఇప్పటికీ సగం నిలబడి వుంది. లెక్కలు సరిచేశాడు, జాగీర్దార్ల చేతుల్లోని అధికారాలకి కోత పెట్టాడు. కోత పడినవాళ్ళు ఊరుకుంటారా?

ఆయన ముద్ర దాచే మనిషిని మంచి చేసుకున్నారట. ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. దాని మీద, "మా సుల్తాను తాగుబోతు, మీరు దండెత్తి రండి" అన్నట్టు గజపతికి రాసిన ఉత్తరంలా తయారుచేశారు. అది సుల్తాను చేతికి చేర్చారు, ఆయన మత్తులో వున్న సమయం చూసుకునే చేర్చారంటారు. పిలిపించి అడిగితే గవాన్ ఒప్పుకున్న సంగతి ఒకటే: ముద్ర నాదే, రాత నాది కాదు. డెబ్బై దాటిన ముసలాయన. ఏప్రిల్ 5న, ఈ కొండపల్లి దగ్గరే తల తీయించేశారు.

తరవాత ఆయన ఇల్లు సోదా చేయిస్తే చెప్పుకోదగ్గ సొమ్ము దొరకలేదు. వచ్చింది వచ్చినట్టే పంచేసేవాడట. సుల్తానుకి అసలు సంగతి తెలిసింది, కానీ తెలిసి ఏం లాభం? ఏడాది తిరక్కుండానే ఆయనా పోయాడు. ఆ తరవాత బహమనీ రాజ్యం అయిదు ముక్కలైంది. అందులో ఒక ముక్క మన గోల్కొండ. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ పెట్టను. చీటీపాట వాళ్ళు అడిగినా సరే. మా ఇంట్లోవాళ్ళు "నీకు ఆ గవాన్ పట్టుకున్నాడు" అని నవ్వుతారు.

సరే, జ్యేష్ఠమాసానికి వద్దాం. ఇది జంతువులకి గడ్డుకాలం. కొండపల్లి రక్షిత అరణ్యం సుమారు 30 వేల ఎకరాలు. ఒకప్పటి కృష్ణాజిల్లాలో చెప్పుకోదగ్గ అడవి మిగిలిందంటే ఇదే. చిరుతపులి వుంది, తోడేలు, నక్క, రేసుకుక్క, అడవిపంది, ముళ్ళపంది, కుందేలు, ఉడుము, నెమళ్ళు సరేసరి. చిరుత మనకి కనిపించదు, కనిపించకుండా వుండడమే దాని గొప్ప. ఎండలు ముదిరి గుంటలు ఎండితే జంతువులు నీళ్ళు వెతుక్కుంటూ ఊళ్ళ వైపు వస్తాయి. మా చిన్నతనంలో రాత్రిపూట కుక్కలన్నీ ఒక్కసారిగా అరవడం మానేస్తే, మా నాయనమ్మ గేదెదూడని లోపలికి తోలమనేది. మా తాతల కాలంలో వేటంటే మగతనం. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక నేరమైంది. మా తాతగారి ఇంటి గోడ మీద ఒక కొమ్ముల జత వుండేది, అది ఏ జంతువుదో అడిగితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పేవాళ్ళు కాదు.

తొలకరి పడిందంటే మా కొండ మనిషి మారిపోయినట్టు మారిపోతుంది. వారం రోజుల్లో పచ్చబడుతుంది. ఆరుద్రకార్తెలో ఎర్ర ముఖమలు ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీద పాకుతుంటే అగ్గిపెట్టెల్లో పట్టి పెట్టుకునేవాళ్ళం. నెమళ్ళ కేకలు తెల్లవారుజామున మా ఇంట్లోకి వినిపించేవి. వాన వెలిసిన సాయంత్రం కోట దారిలో నడిస్తే రాళ్ళన్నీ కడిగిన గిన్నెల్లా వుంటాయి. ఊటీ అక్కర్లేదు, ఆ గంటసేపు చాలు.

ఈ కోటలోనే ఒక ఆడమనిషి కథ వుంది. 1515 జూన్‌లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు తీసుకున్నాడు. తరవాత కృష్ణ దాటి ఈ కొండ చుట్టూ దండు దించాడు. మూడు నెలలు పట్టిందట. కోటలో దొరికినవాళ్ళలో ప్రతాపరుద్ర గజపతి భార్య ఒకరు, ఒక కొడుకు, ఏడుగురు పెద్ద సేనాపతులు వున్నారని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాసిపెట్టాడు. ఆ రాణి పేరు రాయలేదు. సేనాపతులు ఏడుగురని లెక్క వేసినవాడికి రాణి పేరు అడగాలని తోచలేదు చూడండి. మూడు నెలలు ముట్టడిలో వున్న కోట అంటే ఏమిటో మనకైతే అర్థమవుతుంది. బియ్యం ఎన్నాళ్ళు వస్తాయి, నూనె ఎంత వుంది, కోనేట్లో నీరు ఎంతకు దిగింది, పిల్లాడికి పాలెక్కడివి. యుద్ధం బురుజు మీద జరుగుతుంది, సంసారం గాదె దగ్గర జరుగుతుంది. ఆ ధాన్యపు గాదె ఇప్పటికీ వుంది కోటలో, గబ్బిలాలు కాపురముంటున్నాయి.

చివరికి గజపతి సంధి చేసుకుని కూతుర్ని రాయలకిచ్చాడు. ఆమెకి మాత్రం రెండు మూడు పేర్లున్నాయి. తుక్కాదేవి అని కొందరు, జగన్మోహిని అని కొందరు. కాపురం సరిగ్గా సాగలేదనీ, కంభంలో వుండిపోయిందనీ, అక్కడి పెద్ద చెరువు కట్టించింది గజపతి ఆడపడుచేననీ జనం చెప్పుకుంటారు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య యుద్ధం జరిగితే నలిగేది ఎవరో నేను చెప్పాలా?

రాయల తరవాత 1531లో గోల్కొండ కులీ కుతుబ్‌షా, 1687లో ఔరంగజేబు. వీళ్ళందరి పేర్లూ పిల్లలకి బట్టీ పట్టించక్కర్లేదు.

భాద్రపదం. ఇది చెప్పకుండా దాటిపోదామనుకున్నాను, కానీ కొండ సంగతి చెబుతూ బుడమేరుని వదిలేస్తే సగమే చెప్పినట్టు. బుడమేరు పుట్టేది మా కొండల్లోనే. మైలవరం, జి.కొండూరు వైపు వాగులన్నీ కలుపుకుని వెలగలేరు దగ్గరికి వస్తుంది. అక్కడ రెగ్యులేటరు వుంది. కొంత నీటిని మళ్ళింపు కాలువలోంచి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపుతారు. మిగతాది బెజవాడ పక్కగా కొల్లేరుకి పోతుంది. కొండ మీద చెట్టు వుంటే వాన ఆకుల మీద పడి, నేలలోకి ఇంకి, నిదానంగా దిగుతుంది. చెట్టు కొట్టి, గుట్ట తవ్వి, వాగు పూడ్చి ఇళ్ళు కట్టుకుంటే అదే వాన ఒక్క ఉదుటున దిగుతుంది. మా వైపు గ్రావెల్ కోసం తవ్విన గుట్టలు కొన్ని పన్ను పీకిన చిగుళ్ళలా వున్నాయి.

2024 ఆగస్టు ఆఖరి రోజు, సెప్టెంబరు ఒకటో తారీఖు కురిసిన వాన మీలో చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది. కవులూరు వైపు మళ్ళింపు కాలువ కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. మా అత్తిల్లు సింగ్‌నగర్. పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం తలుపు తీస్తే గుమ్మంలో నీళ్ళు. పదింటికల్లా మంచం కోళ్ళు మునిగాయి. మా అత్తగారిని భుజాల మీద మోసి మేడ మీదికి చేర్చారు. కింద ఫ్రిజ్జు తేలుతుంటే పైన ఆవిడ "అమ్మాయ్, గ్యాసు కట్టేశావా?" అని అడిగారు. మూడో గండి పూడ్చింది ఏడో తారీఖున. ఆ రోజు వినాయక చవితి. పత్రి లేదు, ఉండ్రాళ్ళు లేవు. పడవలో ఇచ్చిన బ్రెడ్డే దేవుడికి చూపించి తిన్నాం. మా పుట్టింటి కొండ నీళ్ళు మా అత్తింటికి వచ్చి వారం రోజులున్నాయని తరవాత తరవాత నవ్వుకున్నాం గానీ, ఆ వారం ఎవరికీ నవ్వు రాలేదు.

ఆశ్వయుజానికి కొండ మళ్ళీ ప్రసన్నంగా వుంటుంది. సీతాఫలాల కాలం. తోటలో పెంచినవాటికి పరిమాణమే గానీ, కొండ సీతాఫలానికున్న తీపి వుండదు. దసరా నాటికి పాలపిట్ట కనిపించాలంటారు, మా పొలాల తీగల మీద నాలుగైదు వుంటాయి, ఎవరి వాటా వాళ్ళకి. మూలపాడు దగ్గర అడవిశాఖవారు సీతాకోకచిలుకల పార్కు పెట్టారు. వానలు తగ్గాక వెళ్ళి చూడండి. నల్లటి రెక్కల మీద లేత నీలం చారలున్నవి ఒక్కోసారి కొమ్మకి గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఎండుటాకులనుకుని చెయ్యి పెడితే కొమ్మంతా ఎగిరిపోతుంది. మా అమ్మాయి చిన్నప్పుడు జడుసుకుంది కూడాను.

కార్తికంలో వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద ఆకులు వేసుకుని పులిహోర, దప్పళం. మా చిన్నప్పుడు ట్రాక్టరులో జంపఖానా పరిచి ముప్ఫై మందిమి వెళ్ళేవాళ్ళం. కోతులు మనకంటే ముందే వచ్చి కూర్చునేవి. వాటికి పెట్టకండి సుమండీ, అలవాటు పడి అడవిలో కాయలు మానేసి మన సంచులు లాక్కుంటాయి. ప్లాస్టిక్ ప్లేట్లు అక్కడే వదిలేసి రావడం కూడా ఈమధ్య మన ఆడవాళ్ళే ఎక్కువ చేస్తున్నారు. కోపం తెచ్చుకోకండి, చూసిన మాటే చెప్పాను.

కోట చూడ్డానికి మంచి కాలం మార్గశిరం, పుష్యం. పొద్దున ఏడింటికి ఎక్కడం మొదలుపెట్టండి. ఇప్పుడు పైదాకా రోడ్డుంది గానీ, మోకాళ్ళు బాగుంటే మెట్లదారే మంచిది. ముందు దర్గా దర్వాజా వస్తుంది. పెద్ద పెద్ద నల్లరాళ్ళు పేర్చిన గుమ్మం. ఇక్కడ పోరులో చనిపోయిన గులాబ్‌షా దర్గా వల్ల ఆ పేరు. ఆ దర్గాకి మొక్కుకునేవాళ్ళలో మనవాళ్ళూ వాళ్ళూ అని తేడా వుండదు, మా నాయనమ్మ కూడా మా నాన్న జ్వరానికి అక్కడ చక్కెర పంచింది. పైన రెండు గుట్టల మధ్య తానీషా మహలు. అవునండీ, మన రామదాసుని చెరసాలలో పెట్టిన తానీషా పేరే. కింద గదులు, పైన పెద్ద హాలు, కప్పు లేదు. ఇంకా ఏనుగుల సాల, గుర్రాల సాల, చెరసాల అన్నీ చూపిస్తారు. నాకు వాటికంటే గోల్కొండ దర్వాజా ఇష్టం. కొండకి ఆ చివర వుంటుంది, జగ్గయ్యపేట వైపు దిగే దారి. అక్కడ నుంచుంటే మా మెట్టసీమ అంతా కనిపిస్తుంది. ఈ దారినే గోల్కొండ నుంచి గుర్రాలూ, పల్లకీలూ, ఉత్తరాలూ వచ్చేవి. 1889లో హైదరాబాదు నుంచి బెజవాడకి రైలు వచ్చాక ఆ దారితో ఎవరికీ పనిలేకపోయింది. కొండ కింద రైలు, దాని పక్కనే 1979లో వచ్చిన థర్మల్ పవర్ స్టేషను పొగగొట్టాలు కనిపిస్తాయి. మన మిక్సీలూ ఫ్యాన్లూ తిరిగేది ఆ పొగతోనే కాబట్టి దాన్ని తిట్టడానికి నోరు రాదు.

పుష్యంలో సంక్రాంతి. సంక్రాంతి అంటే బొమ్మలకొలువు, కొలువంటే కొండపల్లి. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, పల్లకీలో పెళ్ళికూతురు, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు. బొమ్మలు చేసేవాళ్ళు ఆర్యక్షత్రియులు. ఎప్పుడో నాలుగువందల ఏళ్ళ కిందట రాజస్థాన్ నుంచి వచ్చామని వాళ్ళు చెప్పుకుంటారు. కర్ర తెల్లపొణికి. ఈ కొండ అడవిలో పెరిగే చెట్టు. కోసిన కర్రని బాగా ఆరబెట్టి, కాక చూపించి, తడి లేకుండా చేస్తారు. అప్పుడు అరటిదుంగంత తేలిక, వంకాయంత మెత్తన, ఉలి పెడితే చెప్పినట్టు వింటుంది. ఒకే దుంగలో చెక్కరు. చేతులు వేరే, తల వేరే, తొండం వేరే చేసి అతుకుతారు. అతికేది ఏమిటనుకున్నారు? చింతగింజల పిండి జిగురు, దాంట్లో రంపంపొట్టు. మక్కు అంటారు. దాంతోనే ముక్కూ, చెవీ తీరుస్తారు. పైన సున్నం పూత, ఆపైన రంగులు. చెక్కడం ఎక్కువగా మగవాళ్ళ పని, రంగులు దిద్దడంలో ఆడవాళ్ళ చెయ్యి చాలా వుంటుంది. వంటయ్యాక, పిల్లల్ని బడికి పంపాక, మోకాలి మీద బొమ్మ పెట్టుకుని కళ్ళు దిద్దుతారు. కొనేటప్పుడు మనం బేరమాడేది ఆ కళ్ళకే.

ఈ పొణికికే ఇప్పుడు కరువొచ్చింది. చెట్టు బొమ్మకి పనికొచ్చే లావు కావడానికి చాలా ఏళ్ళు కావాలి. కొట్టడానికి ఒక పూట చాలు. దగ్గర్లో దొరికే కర్ర దూరమైపోయింది. భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు ఇంకెవరూ వాడుకోకూడదు, బాగానే వుంది. పేరు భద్రంగా వుండి చెట్టు లేకపోతే బొమ్మ దేంతో చేస్తారు?

మాఘం, ఫాల్గుణం తిరునాళ్ళ నెలలు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకి మా మెట్ట అంతా కదులుతుంది. శివరాత్రికి కొండపల్లి విరూపాక్షస్వామి దగ్గర జాగారం. ఆ పూటకి ఎండ మళ్ళీ మొదలు, మళ్ళీ మోదుగలు.

ఇక ఆ వరదలో మా బొమ్మల సంగతి చెప్పి ముగిస్తాను. మా అమ్మ ప్రతి సంక్రాంతికీ ఒక్కటి చొప్పున కొని పెళ్ళినాడు నాకు ఇచ్చిన బొమ్మలు ఇరవై ఒకటి. అన్నీ ఒక ట్రంకుపెట్టెలో మంచం కింద పెట్టుకున్నాను. నీళ్ళు తీశాక కిందికి దిగి చూస్తే పెట్టె మూత తెరుచుకుని వుంది, బొమ్మలు ఇల్లంతా వున్నాయి. ఇత్తడి బిందెలు బురదలో కూరుకుపోయాయి గానీ ఇవి తేలాయి. తెల్లపొణికి కదా. ఏనుగు వంటింటి అలమర మీద ఎక్కి కూర్చుంది. దశావతారాల్లో మత్స్యం, కూర్మం దేవుడి గదిలో దొరికాయి. కానీ రంగులు కరిగాయి, మక్కు మెత్తబడి చేతులూ తలలూ ఊడాయి.

నీడన నెలరోజులు ఆరబెట్టి, గోనెసంచిలో వేసుకుని కొండపల్లి తీసుకెళ్ళాను. బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన అరుగు మీద ఒక్కొక్కటీ తీసి గోటితో తట్టి చూశాడు.

"ఎప్పటివమ్మా ఇవి?"

"మా అమ్మ కొన్నది బాబాయిగారూ, ముప్ఫై ఏళ్ళ పైమాటే."

"అందుకనే. ఇది మన కొండ కర్రే. ఇంత గట్టి ముక్క ఇప్పుడు నాకు దొరకట్లా. ఏం కాలేదులే, మళ్ళీ మక్కు పెడితే పట్టుద్ది. వాళ్ళ మొహాలు మాత్రం ఇదివరకటివి రావు, అవి దిద్దినావిడ పోయింది."

ఆ దిద్దినావిడ ఆయన అమ్మగారే కావచ్చు, అత్తగారే కావచ్చు, అడగడానికి నాకు నోరు రాలేదు. కూలి ఎంతంటే కొత్త బొమ్మల ధరలో సగం చెప్పాడు. మొదటిసారి బేరమాడకుండా ఇచ్చాను. సంక్రాంతికి ఇరవై బొమ్మలతో కొలువు పెట్టాం. పెళ్ళికూతురి మొహం కాస్త కొత్తగా, కోపంగా వుంది, అయినా ఫరవాలేదు. ఇరవై ఒకటోది, ఆ తాడిచెట్టు, ఎంత వెతికినా దొరకలేదు. బుడమేరు వెంట కొల్లేరు చేరి వుంటుందని మా అమ్మాయి అంటుంది.